హెచ్చరిక అందిన పిమ్మట

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 10,000 మంది అసువులు బాసిరి. నాగాయలంక, కోడూరు ప్రాంతములలోని కొన్ని పల్లెలు ఒక్క రాత్రిలో నామమాత్రావశిష్టములైనవి. తుపాను వచ్చుచున్నదని రేడియో చెప్పకపోలేదు. కాని ఆ మాట విన్నవాడు ఏ దారిని పోవలెనో, ఎక్కడ తలదాచుకొనవలెనో, గాలివానయే కాక సముద్రమే ఇంటిమీదికి నడచివచ్చుననుట ఎట్టిదో, ఆ పల్లెలవారికి ముందుగా బోధించిన యేర్పాటు లేకపోయెను. పిదప పదమూడేండ్లకు, 1990 మే 9వ తేదీన, అదే కృష్ణాతీరమును మఱియొక మహోగ్రమైన తుపాను తాకెను. ఆ మారు లక్షన్నరకు పైగా జనులను ముందే సురక్షితస్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచెను. ఆ వేయి ప్రాణములును స్వల్పములని నేననను. కాని ఆ రెండు సంఖ్యల నడుమనున్న అంతరము ప్రకృతి చూపిన దయ కాదు, మనుష్యులు ముందుగా చేసిన యత్నమునకు ఫలము.

నేడు ఉపగ్రహములు అల్పపీడనము పుట్టినది మొదలు కనిపెట్టుచున్నవి. చేతిలోని ఫోనే బిగ్గరగా మ్రోగి హెచ్చరించుచున్నది. శాస్త్రజ్ఞులు తమ వంతు కర్తవ్యమును చాల వఱకు నెరవేర్చిరి. ఇక మిగిలినది మన యిండ్లలోను, మన వీధులలోను జరుగవలసిన పని. అదియే మిక్కిలి వెనుకబడి యున్నది.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు నగరము చీకటిలో మునిగెను. విద్యుత్తు లేనందున మోటార్లు తిరుగలేదు, మోటార్లు తిరుగనందున మేడలపైని ట్యాంకులకు నీరెక్కలేదు. సెల్ టవర్లు మూగవోయినవి, ఏటీఎంలు పనిచేయలేదు, పాల ప్యాకెట్టుకొఱకును పెట్రోలుకొఱకును జనులు బారులు తీరిరి. చేతినిండ సొమ్మున్నవారును ఆ దినములలో బిందెడు నీటికొఱకు వెదకుకొనిరి. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినప్పుడు సముద్రము సమీపమున లేదు, గాలియు లేదు. అయినను వేలాది కుటుంబములు మేడలమీదను డాబాలమీదను చిక్కుకొని, పడవకొఱకు, డ్రోను విడుచు పొట్లముకొఱకు ఎదురుచూచెను. పడవలు ప్రధానవీధులకు ముందు చేరి, లోపలి సందులకు ఆలస్యముగా చేరుట ఎట్టి ప్రభుత్వము పాలించుచున్నను తప్పని సంగతి. కావున విపత్తు పడిన పిదప మొదటి మూడు దినములు ప్రతి గృహమును తన్ను తాను పోషించుకొనవలెననియు, ప్రతి వీధియు తనలోని అశక్తులను తానే కాపాడుకొనవలెననియు నేను దృఢముగా నమ్ముచున్నాను.

గృహమునకు సంబంధించినంత వఱకు చేయవలసినది కష్టసాధ్యము కాదు. మనిషికి రోజునకు నాలుగు లీటర్ల చొప్పున లెక్కించినచో నలుగురున్న యింటికి మూడు దినములకు 48 లీటర్లు, అనగా మనకు నిత్యపరిచితములైన ఇరువది లీటర్ల క్యాన్లు మూడు, చాలును. పొయ్యి వెలిగింపక తినదగిన అటుకులు, బెల్లము, వేయించిన సెనగలు మన వంటింటికి క్రొత్తవి కావు. రక్తపోటుకును మధుమేహమునకును వాడు మందులు వారము దినములకు సరిపడ నుంచుకొనుట, పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్, రేషన్ కార్డులను నీరంటని సంచిలో భద్రపఱచుట, గడపలోనికి నీరు రాకమునుపే మెయిన్ స్విచ్ కట్టివేయుట: ఇంతమాత్రమే. మఱియొక సంగతి ప్రతి పాఠశాలలోను నేర్పవలసియున్నది. తుపాను కన్ను మీదుగా సాగువేళ గాలి అకస్మాత్తుగా శమించును; ఆ ప్రశాంతిని నమ్మి వీధిలోనికి వచ్చినవారిని ఎదురుదిక్కునుండి తిరిగివచ్చిన గాలి హతమార్చును.

కాని ఇంటిలోని సంచికన్న వీధిలోని పొత్తు కష్టతరము. తరలిపొమ్మని అధికారులు వచ్చి చెప్పినను కదలనివారిని మూర్ఖులని నిందించుట మనకు అలవాటైనది. ఆ నింద అన్యాయము. పాడిగేదెను కట్టుకొయ్యకు వదలి పోవుట, దానిమీదనే బ్రతుకుచున్న కుటుంబమునకు, సగము ప్రాణమును వదలిపోవుటయే. తలుపు వేసిపోయిన యింటిలో దొంగలు పడుదురన్న భీతి యున్నది. పునరావాస కేంద్రములో మరుగుదొడ్డి లేదనియు, చంటిబిడ్డకు పాలిచ్చుటకు చాటు లేదనియు తెలిసిన స్త్రీ అక్కడికి పోవుటకు జంకుట సహజము. పశువులకు మెరకచోటు, వీధికి కాపలా, స్త్రీలకు వేఱుగది, ఈ మూడును ముందుగా చూపగలిగిననాడు ‘రండి’ యన్న పిలుపునకు విలువ కలుగును. మన తీరమందు కట్టిన తుపాను షెల్టర్లు తాళములతో మూతపడి, పైకప్పు పెచ్చులూడి శిథిలమగుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది. ఏటి పొడుగునను బడిగానో, అంగన్‌వాడీగానో వాడుకలో నుండు కట్టడమే ఆపద్దినమున మనుష్యులకు అక్కఱకు వచ్చును.

మన తీరమునకు అక్టోబరు, నవంబరు మాసములు గండములు. గాంధీ జయంతినాడు గ్రామసభ జరుపు ప్రతి ఊరును, ఆ సభలో రహదారుల సంగతికి ముందుగా ఈ సంగతిని చర్చింపవలెనని నా కోరిక. పట్టణములలో అపార్ట్‌మెంటు సంఘములు సయితము అదే పని చేయవచ్చును. షెల్టరు తాళపుచెవి ఎవరియొద్ద నున్నది, ఊరిలో ఈతగాండ్రెవరు, పడవ ఎవరిది, నెలలు నిండిన గర్భిణులెందఱు, డయాలసిస్ చేయించుకొనువారెవరు, ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసి, ఆశా కార్యకర్తయొద్ద నొక ప్రతి యుంచవలెను. ఆ జాబితాను సభలో చదువునప్పుడు, మంచము పట్టిన ప్రతి వృద్ధుని పేరుతోపాటు, ఆయనను మోసికొనిపోవుటకు ఒప్పుకొన్న ఇద్దఱు పొరుగువారి పేర్లును వినబడవలెను.