ఎముకలకీ లోడ్ కావాలి

మొన్న ఆదివారం అమ్మకి ఫోన్ చేసి ఎప్పట్లాగే "మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగా. "మాత్రలకేంలే, నువ్వు పనమ్మాయిని పెట్టించాక కూర్చోడమే నా పనైపోయిందిరా" అంది.

కిందటేడు స్కాన్‌లో ఎముకలు పలచబడ్డాయని తేలింది. అప్పట్నుంచీ మెట్లెక్కొద్దు, సంచి మొయ్యొద్దు, మార్కెట్‌కి నడవొద్దు అని రూల్స్ పెట్టింది నేనే. డాక్టరు కాదు!

ఎముకంటే కాల్షియం డబ్బా, తగ్గితే నింపేస్తే సరి అనుకునేవాణ్ణి. ఈమధ్య కాస్త చదివితే తెలిసింది, అది ఎప్పుడూ రన్ అవుతూనే ఉండే సిస్టమ్ అని. కొన్ని కణాలు పాత ఎముకని తవ్వేస్తుంటే, ఇంకొన్ని కొత్తది కడుతుంటాయి. పెద్దవాళ్ళలో ఏడాదికి దాదాపు 10 శాతం ఎముక ఇలా కొత్తదవుతుంది.

ఈ పనికి సిగ్నల్స్ రెండు వైపుల నుంచి వస్తాయి. ఒకటి రక్తంలో కాల్షియం. అది కాస్త తగ్గినా మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పసిగట్టి హార్మోన్ వదుల్తాయి, దాంతో ఎముక నుంచి కాల్షియం విత్‌డ్రా అవుతుంది. అలా పసిగట్టే రిసెప్టర్‌ని 1993లో కనిపెట్టారు. కాబట్టి తిండిలో కాల్షియం ఉండాల్సిందే, కాదనట్లేదు.

రెండోది బరువు. ఎముక లోపల ఇరుక్కుని ఉండే ఆస్టియోసైట్లు ఒకదానితో ఒకటి సన్నటి చేతులతో నెట్‌వర్క్ లాగా కలిసుంటాయి. మనం నడిస్తే ఎముక రవ్వంత వంగుతుంది, అది వీటికి తెలుస్తుంది. బరువు పడకపోతే ఇవి స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ ఎక్కువ చేస్తాయి. అది ఎముక కట్టే పనికి బ్రేకు వేస్తుంది. ట్రాఫిక్ లేకపోతే మనం సర్వర్లు తగ్గించేస్తాం కదా, అచ్చం అంతే!

అంతరిక్షంలో వ్యోమగాములకి తిండికి లోటుండదు. అయినా తుంటి ఎముక నెలకి 1 శాతం పైనే తగ్గొచ్చు. అందుకే అక్కడ రోజూ సుమారు 2 గంటలు వ్యాయామం చేస్తారు.

నేను ప్రేమ అనుకుని అమ్మకి చేసింది అదే, ఇంట్లోనే అంతరిక్షం చూపించా. మనలో చాలామంది చేసేదీ ఇదే. డబ్బులు పంపిస్తాం, మాత్రలు కొంటాం, "నువ్వు కదలకమ్మా" అంటాం.

ఇప్పుడు డాక్టర్ని అడిగితే, కింద పడకుండా జాగ్రత్తపడుతూ రోజూ నడవమన్నారు. మార్కెట్ రూలు ఎత్తేశా. పనమ్మాయి ఉంటుంది, కానీ కూరగాయలు మాత్రం అమ్మే తెస్తుంది.

ఇక రోజుకి పది గంటలు కుర్చీలో ఉండే నా సంగతంటారా? ఇది పోస్ట్ చేసి మెట్లెక్కడానికి వెళ్తున్నా. మరి మీరు?