సులు కట్టిస్తే భాష వచ్చునా?

ఏటేటా అక్టోబరులో, ఫిజీ స్వాతంత్ర్యదినమైన 10వ తేదీకి అటూ ఇటూగా, న్యూజిలాండులో ఫిజీ భాషావారోత్సవం జరుగుతుంది. పసిపిల్లల చేత 'బులా' అనిపించి, నడుముకు సులు చుట్టబెట్టి, మెకే ఆడించడం ముచ్చటైన పనే. నా పేచీ దానితో కాదు. "చిన్నపిల్లలకు వ్యాకరణమెందుకండీ, ఇది చాలు" అనే పెద్దమనుషులతో.

అయ్యా, ఆ భాష సొగసంతా వ్యాకరణంలోనే ఉన్నది! 'మనము', 'మేము' అని మనకు రెండున్నవి గదా. ఆంగ్లేయుడికి 'వుయ్' ఒక్కటే దిక్కు. ఫిజీ భాష మనకంటె రెండాకులు ఎక్కువే చదివింది. ఇద్దరమైతే ఒకటి, కొద్దిమందిమైతే వేరొకటి, పలువురమైతే ఇంకొకటి. మళ్ళీ ఒక్కొక్కదానిలో వినేవాణ్ణి కలుపుకొన్నదీ విడిచినదీ వేరు. అతనితో కలిసి కొద్దిమందిమైతే 'కెందతౌ', అతణ్ణి విడిస్తే 'కెయితౌ'. "నువ్వు మా జట్టు కాదు ఫో" అనే అయిదేళ్ళవాడికి ఈ భేదం బోధించాలా? మాట అందిస్తే చాలదూ?

'నా' అన్న మాట చూడండి. ఇల్లయితే 'నొంగు', తినే చేమదుంపయితే 'కెంగు', త్రాగే నీరయితే 'మెంగు'. తల్లి మాత్రం సొత్తు కాదు. 'తిన' అన్న మాటకే ప్రత్యయమంటి 'తినంగు', మా అమ్మ, అవుతుంది. దుంపముక్క ఒక చేత, నీళ్ళగ్లాసు ఒక చేత ఇస్తే పాఠమయిపోయె! (రోమను లిపిలో 'నడి' అన్నట్లు కనబడే ఊరిని అక్కడివారు 'నంది' అంటారు. అక్షరం ఒకటి, ధ్వని రెండు. పిల్లలకు ఇదీ ఒక పొడుపుకథే.)

పండుగలుంటే భాష ఉంటుందనేవారు మనవారి సంగతి వినండి. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకుతోటలకు పోయిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు. 1926లో నందిలో దక్షిణాదివారి సంగం ఏర్పడి, బడులు పెట్టి, తమిళంతో పాటు తెలుగూ చెప్పించింది. గుళ్ళు నిలిచినవి, నిప్పులమీద నడిచే మ్రొక్కూ నిలిచింది. ఇండ్లలో మాట మాత్రం ఫిజీ హిందీ అయి కూర్చున్నది.

ఫిజీ 2013 రాజ్యాంగం ప్రాథమిక పాఠశాలలన్నిటా ఐతౌకీ భాషనూ ఫిజీ హిందీనీ తప్పనిసరి చేసింది. గమనించండి, అది అడిగినది వాడుకలోని సంభాషణను, వేషాన్ని కాదు. వారోత్సవంలో ఆ కొలతే పెట్టుకొని, మెకే సాధనలోనుంచి రోజుకొక్క అరగంట తీసి 'కెందతౌ', 'కెయితౌ'లకు ఇవ్వండి. సులు విప్పనక్కరలేదు.