అన్ని రకాల పుస్తకాలూ మనవే

హాస్టల్ విద్యార్థికి తెలిసిన పుస్తకాలు మూడే రకాలు. ఒకటి, ప్రభుత్వం ఇచ్చే పాఠ్యపుస్తకం. రెండు, పరీక్షల ముందు సీనియర్ల దగ్గర అడిగి తెచ్చుకునే గైడు. మూడు, డిగ్రీ అయ్యాక అప్పుచేసి కొనే పోటీ పరీక్షల మెటీరియల్. వీటికి బయట ఉన్నదంతా "కాలక్షేపం" అని ఒకే మూట కట్టి పక్కన పెట్టేస్తారు. నవల, నాటకం, పద్యం, యాత్రా చరిత్ర, ఆత్మకథ, నక్షత్రాల గురించి రాసిన పుస్తకం, అన్నీ ఆ మూటలోనే. ఆ మూట విప్పాలని, హాస్టల్‌లోనే విప్పాలని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మనవి చేస్తున్నాము.

మేము అంటే ఈ హాస్టళ్లలో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న వాళ్లం. మాలో ఎక్కువమందికి ఇంట్లో డిగ్రీ చదివిన వాళ్లు మాకంటే ముందు ఎవరూ లేరు. ఈ మాట గొప్పకోసం చెప్పడం లేదు, విషయానికి అవసరం కాబట్టి చెబుతున్నాము. మా ఇళ్లలో అచ్చు అక్షరాలు ఉండేవి రేషన్ కార్డు మీద, గోడ మీది క్యాలెండర్ మీద, కొందరి ఇళ్లలో బైబిల్ మీద. తాతగారి బీరువా, నాన్నగారు దాచిన పాత వారపత్రికలు అనే మాటలు మేము రచయితల ముందుమాటల్లోనే చదివాము. ఆ పిల్లలకు "ఇది చదువు, తర్వాత అది చదువు" అని చెప్పే మనిషి ఇంట్లోనే ఉంటాడు. మనకు ఆ పని చేయగలిగింది హాస్టల్ ఒక్కటే. అందుకే హాస్టల్ బీరువాలో ఏముందన్నది చిన్న విషయం కాదు.

మేము పుస్తకాల్లోకి వచ్చిన దారి పద్ధతైనదేమీ కాదు. మొదట చేతికి వచ్చినవి డిటెక్టివ్ నవలలు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, మధుబాబు గారి షాడో. అట్టలు చిరిగి, చివరి పేజీలు లేని పుస్తకాలు. హంతకుడెవరో తెలియక పక్క హాస్టల్‌కు వెళ్లి అడిగిన వాళ్లు మాలో ఉన్నారు. వీటిని చెత్త అని తీసిపారేసే పెద్దలకు మేము చెప్పేది ఒకటే. ఒక్క రాత్రిలో రెండు వందల పేజీలు చదివే ఓపిక మాకు నేర్పింది ఆ నవలలే. ఆ ఓపిక లేకుండా ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' చేతికిస్తే పది పేజీల్లో పక్కన పెట్టేసేవాళ్లం. రాయవేలూరు జైల్లో రాసి, 1922లో అచ్చయి, తెల్ల ప్రభుత్వం నిషేధించిన నవల అది. మొదటి మెట్టు ఎక్కకుండా పదో మెట్టు మీద నిలబడమంటే ఎవరి వల్లా కాదు.

తర్వాత కథలు వచ్చాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి కథల్లో చిత్తూరు జిల్లా పల్లె మాట అలాగే అచ్చులో కనిపిస్తుంది. రావిశాస్త్రి గారిది విశాఖ మాట, అల్లం రాజయ్య గారిది ఉత్తర తెలంగాణ జీవితం. హాస్టల్‌కు వచ్చిన మొదటి రోజుల్లో మన యాస విని నవ్విన వాళ్లు ఉంటారు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట తప్పు, పుస్తకంలో మాట ఒప్పు అని మనం కూడా నమ్మేస్తాం. అమ్మ మాటే పుస్తకంలో కనపడ్డ రోజున ఆ నమ్మకం పోతుంది. ఏ గైడూ చేయలేని పని ఇది.

సైన్సు కూడా సాహిత్యమే అని మాకు తెలిసింది నండూరి రామమోహనరావు గారి వల్ల. 'విశ్వరూపం'లో ఆయన ఆకాశం గురించి, 'నరావతారం'లో మనిషి పుట్టుక గురించి రాశారు. అదే చేత్తో మార్క్ ట్వేన్ నవలలను పిల్లల కోసం తెలుగు చేశారు. ఆర్ట్స్ వాళ్లం మనకెందుకు అనుకున్న వాళ్లు కూడా 'నరావతారం' చదివాక ఒక విషయం గట్టిగా పట్టుకున్నారు. మనుషులందరి మొదలూ ఒక్కటే అయినప్పుడు పుట్టుకను బట్టి ఎక్కువ తక్కువలు ఎక్కడివి? ఈ ప్రశ్నకు ఉపన్యాసం కంటే జీవశాస్త్రం బలమైన జవాబు ఇస్తుంది.

యాత్రా సాహిత్యమంటే ఏనుగుల వీరాస్వామి గారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, దారిలో కనిపించిన ఊళ్లు, నదులు, బాటలు, మనుషుల ఆచారాలు రాసి పెట్టారు. భాష పాతది, మొదట్లో అడుగు పడదు. రానురాను మనకు తెలిసిన ఊళ్ల పేర్లు వస్తుంటే పుస్తకం వదలబుద్ధి కాదు. ఆయన పల్లకిలో వెళ్లారు, ఆ పల్లకి మోసిన బోయీలు మాత్రం పుస్తకం రాయలేదు. చదివే వాళ్లలో మోసిన వాళ్ల పిల్లలు కూడా ఉంటే ఆ పుస్తకానికి ఇంకో అర్థం వస్తుంది. మనం పాత పుస్తకాలు చదవడం వల్ల ఉపయోగం అక్కడే ఉంది.

అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. సహవాసి గారు దాన్ని 'ఏడు తరాలు' పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఆఫ్రికా నుంచి బానిసగా తీసుకుపోయిన మనిషి వంశాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కథ. అది చదివాక మాలో చాలామందిమి సెలవులకు ఇంటికెళ్లి తాత పేరు, ముత్తాత పేరు అడిగాము. మూడో తరం దాటి చెప్పగలిగిన ఇల్లు ఒక్కటీ లేదు. వై.బి. సత్యనారాయణ గారు తమ మూడు తరాల కథను 2011లో ఇంగ్లీషులో రాశారు. అది తెలుగులో 'మా నాయన బాలయ్య' అయింది. పేర్లు మరిచిపోకముందే రాసిపెట్టాలన్న బుద్ధి మాకు ఈ రెండు పుస్తకాల వల్లే కలిగింది. మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఉండగానే అడిగి రాసుకోవాలి.

ఇక్కడ ఒక అభిప్రాయభేదం ఉంది. మన మిత్రుల్లోనే కొందరు "మనకు మన సాహిత్యం చాలు, మిగతావి మనల్ని ఊరి బయట ఉంచిన వాళ్లు రాసినవి" అంటారు. వాళ్ల బాధ మాకు తెలుసు. 'చిక్కనవుతున్న పాట' 1995లో వచ్చేదాకా దళిత కవిత్వానికి అంత పెద్ద సంకలనం మన చేతికి అందలేదు. 2003లో గోగు శ్యామల గారు 'నల్లపొద్దు' తెచ్చేదాకా దళిత స్త్రీల రచనలు ఒకచోట దొరకలేదు. ఈ పుస్తకాలు ప్రతి హాస్టల్‌లో ఉండి తీరాలి. కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి', జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం', ఎండ్లూరి సుధాకర్ గారి 'మల్లెమొగ్గల గొడుగు' చదవకుండా మన విద్యార్థి డిగ్రీ పూర్తి చేయకూడదు. ఊళ్లోని ప్రతి స్కూలు లైబ్రరీలో కూడా ఇవి ఉండాలి. అవి మన వాడలో వాళ్లకే అనుకుంటే మళ్లీ పుస్తకాలకు కూడా వాడలు కట్టినట్టే.

కానీ అవి మాత్రమే చాలు అంటే ఒప్పుకోలేము. దీనికి జాషువా గారే సాక్షి. 1941లో ఆయన రాసిన 'గబ్బిలం' గొప్పతనం పూర్తిగా తెలియాలంటే కాళిదాసు 'మేఘసందేశం' గురించి తెలిసి ఉండాలి. అక్కడ యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపుతాడు. ఇక్కడ గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడగలిగిన గబ్బిలంతో శివుడికి తన మొర పంపుతాడు. పాత కావ్యం చదివి, దాని పద్ధతిని తీసుకుని, దాని ముఖం తిప్పేశాడు మహాకవి. "అది వాళ్ల పుస్తకం, నాకెందుకు" అని ఆయన అనుకుని ఉంటే మనకు 'గబ్బిలం' ఉండేది కాదు. అంబేద్కర్ గారిని చదువుకునే రోజుల్లో సంస్కృతం చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. తర్వాత ఆయన పట్టుబట్టి సంస్కృతం నేర్చుకుని ఆ శాస్త్రాలనే పరిశీలించి ప్రశ్నించారు. బొంబాయి దాదర్‌లో కట్టిన రాజగృహలో ఆయన పుస్తకాలకే పెద్ద చోటు ఇచ్చారు. ఒకప్పుడు "ఈ పుస్తకం నీకు కాదు" అని వేరేవాళ్లు మనకు చెప్పారు. ఆ మాట ఇప్పుడు మనకు మనం చెప్పుకోనక్కర లేదు.

రెండో అభ్యంతరం ఉద్యోగం గురించి. "కథలు అన్నం పెడతాయా?" అని మన తల్లిదండ్రులు అడుగుతారు, సీనియర్లు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకునే హక్కు మాకు లేదు. కూలి డబ్బుల్లోంచి బస్ ఛార్జీ ఇచ్చిన అమ్మ అడుగుతున్న ప్రశ్న అది. నవల చదివితే ఉద్యోగం వస్తుందని మేము చెప్పము, అది అబద్ధం. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపర్ ఉందని, బట్టీ పట్టిన వాడికంటే పది రకాల పుస్తకాలు చదివిన వాడు అక్కడ సొంతంగా నాలుగు మాటలు రాయగలడని మాత్రం చెప్పగలము.

అంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది. నోటిఫికేషన్‌కు నోటిఫికేషన్‌కు మధ్య ఏళ్లు గడుస్తాయి. లక్షల మంది రాస్తే వందల మందికి వస్తాయి. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి చూడండి, ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయానికైనా వెళ్లండి. కుర్చీల్లో కూర్చున్న వాళ్లలో ఎక్కువమంది తమ సొంత మెటీరియల్ చదువుకుంటూ ఉంటారు. చుట్టూ ఉన్న బీరువాల వైపు చూసేవాళ్లు తక్కువ. వాళ్లను తప్పు పట్టడం లేదు, మేము కూడా అలా కూర్చునేవాళ్లమే. కానీ రెండు మార్కుల తేడాతో పోయిన రోజున ఆ మెటీరియల్ మనకు ఏమీ చెప్పదు. నువ్వు పనికిరావు అన్నట్టే ఉంటుంది. ఓడిపోయిన మనుషుల గురించి, ఓడి మళ్లీ లేచిన మనుషుల గురించి చెప్పేవి కథలు, ఆత్మకథలు. మన హాస్టళ్లలో చదువుకున్న పిల్లలు నిరాశతో ప్రాణం తీసుకున్నారన్న వార్త విన్నప్పుడల్లా మాకు ఇదే అనిపిస్తుంది. పుస్తకం ఒక్కటే కాపాడుతుందని కాదు. ఆ రాత్రి పక్కన మాట్లాడే మనిషి లేనప్పుడు పుస్తకమైనా ఉండాలి కదా.

ఇక బీరువా సంగతి. చాలా హాస్టళ్లలో పుస్తకాల బీరువా ఉంటుంది, దానికి తాళం కూడా ఉంటుంది. ఇది ఎవరి మీదో ఫిర్యాదు కాదు. పుస్తకం స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, పోతే బాధ్యుడు జవాబు చెప్పాలి. పోకుండా ఉండాలంటే అన్నిటికన్నా సులువైన మార్గం ఎవరికీ ఇవ్వకపోవడం. పుస్తకం చిరగదు, పోదు, ఎవరూ చదవరు కూడా. ఏడాదికి ఇన్ని పుస్తకాలు అరిగిపోవడం, పోవడం సహజమని లెక్కల్లో ఒప్పుకుంటేనే ఆ తాళం ఊడుతుంది. ఆడపిల్లల హాస్టళ్లలో ఇది ఇంకా అవసరం. సాయంత్రం కాగానే గేటు వేస్తారు, ఊళ్లో లైబ్రరీకి వెళ్లే వీలుండదు. వాళ్లకు లోపల ఉన్న బీరువానే లైబ్రరీ.

పుస్తకాన్ని మనిషి దగ్గరకు తీసుకువెళ్లడం మన నేలకు కొత్త కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు వంటపని చేసి, హోటల్‌లో సర్వర్‌గా చేసి చదువుకున్న మనిషి. ఆయనే 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. పాతూరి నాగభూషణం గారి కృషితో గుంటూరు ప్రాంతంలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. ఇప్పటికీ మన తల్లిదండ్రులు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతుంది. అంటే చదవని అమ్మానాన్నలు కూడా ఎన్నో ఏళ్లుగా పుస్తకాలకు డబ్బు కడుతూనే ఉన్నారు. వాళ్ల పిల్లలు అడగడంలో తప్పేముంది?

కాబట్టి మా కోరికలు ఇవి. ప్రతి హాస్టల్‌లో తాళం లేని ఒక్క అరైనా ఉండాలి. అందులో కథ, నవల, కవిత, నాటకం, ఆత్మకథ, సైన్సు, యాత్ర, అనువాదం, ఒక్కొక్క రకం నుంచి నాలుగైనా ఉండాలి. పిల్లలే ఒక నోటుబుక్కులో రాసుకుని తీసుకోవాలి, జరిమానా వద్దు. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థి అన్నలు, అక్కలు శాలువాకు, పూలదండకు పెట్టే డబ్బుతో తమకు నచ్చిన పుస్తకం ఒకటి తేవాలి. మొదటి పేజీలో అది తమకెందుకు నచ్చిందో రెండు ముక్కలు రాయాలి. బజారులో దొరికే గైడ్లు మాత్రం తేవద్దని మనవి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక మాట. ఏది ముందు చదవాలని ఎవరినీ అడగనక్కర లేదు. చేతికి దొరికింది చదవండి. నచ్చకపోతే వదిలేసి ఇంకోటి తీయండి. ఫోన్‌లోనే చదవాలనుకుంటే కారా మాస్టారు శ్రీకాకుళంలో 1997లో స్థాపించిన కథానిలయం ఉంది. వేలాది పాత కథలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వారానికి ఒక కథ చదివినా ఏడాదికి యాభై రెండు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆర్పేలోపు అరగంట ఉంటుంది. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చు.