కందెన చేతులు

ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రంలో ఘర్షణ పాఠం ఉంది. ఘర్షణను తగ్గించే పదార్థాలను కందెనలు అంటారని పిల్లలు రాసుకుంటరు. ఒక్క మార్కు ప్రశ్న. ఆ మాట యాడికెళ్లి వచ్చిందో పుస్తకం చెప్పదు. ఏ పండితుని నోట్లకెళ్లీ ఊడిపడలేదది. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంల గడ్డి బూడిద కలిపి పూసిన చేతుల కాడినుంచి వచ్చింది. మాటను పుస్తకంలకు రానిచ్చిన్రు, చేతులను మాత్రం గడప అవతలే నిలబెట్టిన్రు. నా కొట్లాట ఆ గడప మీదనే.

నేను సర్కారు బడిల ఫిజిక్స్ చెప్పే పంతులును. 2012 డీఎస్సీల నౌకరి వచ్చింది. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ని. మా తాత మాదిగ పని చేసిండు. లందల తోలు ఊనేసి, తంగేడు చెక్కతోని పదును పట్టించి, మోటబొక్కెనలు కుట్టిండు. మా నాయిన అబ్దుల్లాపూర్‌మెట్ల, విజయవాడ రోడ్డు మీద, ఒక లేతు షాపుల ఇరవై ఆరేండ్లు చేసిండు. ఆ ఇరవై ఆరేండ్లల్ల తొమ్మిదో నంబరు జాతీయ రహదారి అరవై అయిదో నంబరైంది, 2016ల మా ఊరు మండలమైంది. షాపు పుస్తకంల మా నాయిన పేరు పక్కన 'హెల్పర్' అన్న మాట మాత్రం మారలే.

"మీ తాతది తోలు, మీ నాయినది ఇనుము, ఇంకెక్కడి కులవృత్తి" అంటరు కొందరు సార్లు. వాళ్లకు తెలియంది ఒకటున్నది. కరెంటు మోటరు ప్రతి లేతుకు రాకముందు, కప్పు కింద పొడుగాటి లైన్ షాఫ్టు తిరుగుతుంటే, దానికెళ్లి తోలు బెల్టు దిగి లేతును తిప్పేది. బెల్టుకు వెంట్రుకలున్న దిక్కు పుల్లీకి ఆనాలె, అప్పుడే మంచిగ పట్టు దొరుకుతది. ఎండిందంటే పగులుతది. నూనె ఎక్కువైతే జారుతది. తోలు గుణం తెలిసినోని చెయ్యి లేకుంట ఆ కార్ఖానాలు తిరగలే. పరిశ్రమల చరిత్ర రాసినోళ్లు బొగ్గు గురించి రాసిన్రు, ఆవిరి గురించి రాసిన్రు. తోలు దగ్గరికొచ్చేసరికి ముక్కు మూసుకున్నరు.

ఇగ మెరిట్ సంగతికొస్తా. స్టాఫ్ రూముల చాయ్ తాగుకుంట ఈ మాట అనని వారం ఉండదు. కోటాల వచ్చినోళ్లకు బుర్ర తక్కువట. బుర్ర ఏడ ఉంటదో ఒక రిపేరు చెప్పి చూపిస్త.

ఆ షాపుల ఉన్నది పాత బటాలా లేతు. పంజాబుల బటాలా అంటేనే పోత ఇనుప లేతులకు పేరు. క్రషర్ షాఫ్టులు, లారీ పనులు దాని మీదికే వచ్చేటివి. పెద్ద షాఫ్టు పట్టినప్పుడు స్పీడు తగ్గించాలె, అందుకు బ్యాక్ గేరు వేస్తరు. ఒక ఎండకాలం బ్యాక్ గేరు వేస్తే చాలు గరగర మోత, పని మీద అలలలల గీతలు. టూలు మంచిగ లేదన్నడు షాపాయన. కొత్త టూలొచ్చింది, గీతలు పోలే. స్పిండిల్ బేరింగు పోయిందన్నడు టర్నరు. మా నాయిన బ్యాక్ గేరు తీసేసి డైరెక్టు మీద నడిపిండు. సప్పుడు లేదు. మళ్ల వేసిండు. మోత. చక్ కింద కట్టె దన్ను పెట్టి లేపి చూసిండు, స్పిండిల్ కదల్లే. "రోగం స్పిండిల్‌ది కాదు, దాని ఎనుక షాఫ్టుది" అన్నడు. ఒక్కటి మార్చి మిగిలినవి మార్చకుంట చూసుడు. నేను క్లాసుల ప్రయోగ పద్ధతి అని బోర్డు మీద రాసేది ఇదే.

షాఫ్టు ఊడదీస్తే అసలు కథ బయటపడ్డది. నూనె పోసే రంధ్రంల ఎవరో గ్రీసు కుక్కిన్రు. గ్రీసు లోపటికి దిగక రంధ్రం మూసుకపోయింది. దిగిన కొంచెంల పోత ఇనుము పొడి కలిసి సాన పట్టినట్టు షాఫ్టును తిన్నది. నాయిన మైక్రోమీటరు పెట్టి మూడు జాగల్ల, ఒక్కొక్క జాగల రెండు దిక్కుల కొలిచిండు. ఒక్క దిక్కే కొలిస్తే షాఫ్టు అండం లెక్క అయిన సంగతి దొరకదు. గేరు ఆనని కొసన అసలు సైజు అట్లనే ఉన్నది, బుష్షు తిరిగే కాడ తొమ్మిది థౌలు అరిగింది. థౌ అంటే అంగుళంల వెయ్యో వంతు. తల వెంట్రుకే రెండు మూడు థౌల మందం ఉంటది.

వెల్డింగు పోసి మళ్ల తిప్పుదామన్నడు షాపాయన. సన్న షాఫ్టు, వేడికి వంగుతదన్నడు నాయిన. అరిగిన కాడ గుండ్రంగ అయ్యేదాంక సన్నగ తిప్పి, ఆ సైజుకు గన్‌మెటల్ బుష్షు కొత్తది చేసిండు. యాడ తిప్పిండంటరా? అదే లేతు మీద. బ్యాక్ గేరు షాఫ్టు బయటున్నా డైరెక్టు మీద లేతు నడుస్తది గద. తన జబ్బును తనే నయం చేసుకున్నది. అంగుళం షాఫ్టుకు థౌ, థౌన్నర సందు ఇడిచిపెట్టిండు. అంతకు తక్కువైతే పట్టేస్తది, ఎక్కువైతే నూనె నిలువది. రంధ్రాలు తీగతోని, కిరసనాయిలుతోని కడిగిండు. బరువు ఆనే దిక్కుకు నూనె గాడి పెట్టలే.

ఎందుకు పెట్టలేదో ఇంగ్లాండుల బీచాంప్ టవర్ అనే ఇంజనీరు 1883ల కనుక్కున్నడు. రైలు ఇరుసు బేరింగు మీద బరువు ఆనే దిక్కు రంధ్రం పెడితే, నూనె లోపటికి పోవుడు కాదు, బయటికి తన్నుకొచ్చింది. కట్టె బిరడా కొడితే బిరడానే ఎగదన్నింది. తిరిగే షాఫ్టు నూనెను కిందికి గుంజుకొని దాని మీద తేలుతదని, ఆ ఒత్తిడంత అక్కడనే ఉంటదని తెలిసింది. 1886ల ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాసిండు. వాళ్లది సైన్సు. నా నాయినది 'అలవాటు'. ఎవరు పెట్టిన్రు ఈ రెండు పేర్లు?

ఇసొంటి పేర్లు అమెరికాల నల్లోళ్లకు కూడ పెట్టిన్రు. ఎలైజా మెక్‌కాయ్ తల్లిదండ్రులు కెంటకీల బానిసత్వం నుంచి తప్పించుకొని కెనడాకు పారిపోయినోళ్లు. కొడుకు ఎడిన్‌బరోల మెకానికల్ ఇంజనీరింగు నేర్చుకొని వచ్చిండు. నల్లోడని ఇంజనీరు కొలువు ఇయ్యలే. మిషిగన్ సెంట్రల్ రైల్వేల బొగ్గు ఎత్తమన్నరు, నూనె పొయ్యమన్నరు. ఆ నూనె పోసే కాన్నే నిలబడి, యంత్రం నడుస్తుండంగనే నూనె దానంతటదే పడే పరికరం చేసి 1872ల పేటెంటు తీసుకున్నడు. పనికిరానోడని ఏ జాగల నిలబెట్టిన్రో ఆ జాగనే చదివిండు.

దసరా ముచ్చట ఒకటి చెప్పాలె. ఆయుధ పూజనాడు షాపాయన తానం చేసొచ్చి లేతుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బెడ్డు మీదనే కొబ్బరికాయ కొట్టేటోడు. ఏడాదంత దాని కడుపుల చేతులు పెట్టినోడు ఆ పూట వాకిట్ల నిలబడేది. ప్రసాదం పైకెళ్లి దోసిట్ల పడేది. తెల్లారి మా నాయిన మొట్టమొదలు చేసే పని ఏందంటే, కొబ్బరినీళ్లకు బెడ్డు తుప్పు పట్టకుంట తుడుసుడు, కుంకుమ పొడి గైడ్ల సందుకు పోకుంట బ్రష్షుతోని తీసుడు, మళ్ల నూనె రాసుడు. దేవుడు లేతులో ఉంటే ఉండనీ, నూనె పోసేటోడు మాత్రం వాకిట్లనే ఉన్నడు.

ఇయ్యాల సర్కారు మమ్మల్ని యాది చేస్తున్నదట. 2023 సెప్టెంబరుల పీఎం విశ్వకర్మ పథకం పెట్టిన్రు. పద్దెనిమిది వృత్తులు. చెప్పులు కుట్టే పని అండ్ల ఉన్నది, లేతు పని లేదు. అంటే మా నాయిన చెప్పులు కుడితే ఆ పుస్తకంల కళాకారుడు, షాఫ్టు బాగుచేస్తే ఎవడూ కాడు. తాత కాడికి మర్లిపోతెనే లెక్కల పెడ్తరా? చెప్పులు కుట్టుడు తక్కువని అంటలేను. మేం దాటొచ్చిన దూరం మీ లిస్టుకు కనవడ్తలేదంటున్న.

2024ల రాష్ట్రంల 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు చేస్తామని ఒప్పందం చేసుకున్నరు. మంచిదే, మా పిల్లలు పోతరు. నేనే దరఖాస్తులు నింపి పంపుత. కంప్యూటరు లేతు అయినా స్పిండిల్ తిరగాల్సిందే, గైడుకు నూనె అందాల్సిందే. అది చెవిపెట్టి చెప్పగలిగినోళ్లు ఈ రోడ్డు పొంట షాపుల్ల హెల్పర్లుగనే ముసలోళ్లయితున్నరు. వాళ్లను వారానికి రెండు దినాలు ఆ సెంటర్లకు పిలువుండ్రి. కూలి కాదు, ఇన్‌స్ట్రక్టరు జీతం ఇయ్యుండ్రి. సర్టిఫికెట్ ఏదని అడుగుతరు, తెలుసు. పాత లేతొకటి మోత చేసేది ముందర పెట్టుండ్రి. మీ సర్టిఫికెట్ ఉన్నోణ్ని కూడ పిలువుండ్రి. మా నాయిన స్పానరు తెచ్చుకుంటడు.