ఏ ఏటి నుంచి లెక్క?

ఉత్తరాంధ్ర రచయితలకు మాత్రమే ఇచ్చే ఒక పురస్కారానికి ఈ వేసవిలో మేం ఒక కథల సంపుటి పంపాం. రచయిత్రి తల్లీ తండ్రీ కూడా ఈ జిల్లాల్లోనే పుట్టి ఉండాలట. ఆమె తండ్రి పుట్టింది రంగంలో కాబట్టి పుస్తకాన్ని పరిశీలనకు తీసుకోలేదని ఉత్తరం వచ్చింది. కథలు బాగాలేవని రాసి ఉంటే నోరు మూసుకునేవాళ్ళం. (బాగున్నాయి. ఆ మాట అననివ్వండి.)

రంగం అంటే రంగూన్ అని ఈ జిల్లాల్లో ఒకరు చెప్పాలా? గంజాం నుంచి గోదావరి దాకా కరువొచ్చినా అప్పులు మీదపడినా ఓడెక్కి రంగం పోవడమే ఒకనాటి దారి. 1931 జనాభా లెక్కల్లో ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసే మనవాళ్ళకు కోరంగి రేవు పేరుతో ‘కొరింగీ’లన్న పేరు పడింది. అందులో గౌరవమేమీ లేదు. 1930 మే నెలలో ఆ కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి దింపాయి. సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నాయి. కడుపు మాడినవాళ్ళను కడుపు మాడినవాళ్ళ మీదికి ఎగదోసింది దొరల కంపెనీలు. కత్తులు దిగింది మాత్రం తెలుగు కూలీల ఒంట్లో. వందమందికి పైగా చనిపోయారు. ‘మేం బర్మీయులం’ అని చాటే దొబామా సంఘం పుట్టింది ఆ ఏడే.

ఆ సంఘం కుర్రాళ్ళను మేం తప్పుపట్టం. సొంత రాజధానిలో తామే తక్కువమందిగా మిగిలితే ఎవరికైనా గుండె మండుతుంది. తన ఊళ్ళో తన మాట వినబడాలన్న కోరిక లేనివాడు అసలు కథ రాయడు, కవిత్వం రాయడు. చిక్కంతా ఆ కోరిక చట్టమైనప్పుడు మొదలవుతుంది. చట్టానికి ఒక సంవత్సరం కావాలి. ఫలానా ఏటికి ముందున్నవాళ్ళు మనవాళ్ళు, తర్వాత వచ్చినవాళ్ళు పరాయివాళ్ళు. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం 1823 దగ్గర గీత గీసింది. ఇంగ్లీషువాళ్ళతో తొలి యుద్ధం 1824లో, కాబట్టి దాని ముందటి ఏడు. నూటయాభై ఏళ్ళ కిందట తన ముత్తాత ఎక్కడున్నాడో కాగితం తెచ్చి చూపగల కూలివాడు ఈ భూమ్మీద ఉన్నాడా? రొహింగ్యాలు చూపలేకపోయారు. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ చట్టం తెచ్చిన నే విన్ పూర్వీకులు చైనా నుంచి వచ్చినవారని చరిత్రకారులు రాశారు. ఆశ్చర్యపోనక్కర్లేదు. గీత గీసేవాడి తాత ఎప్పుడూ గీతకు ఇవతలే ఉంటాడు.

మనమేం తక్కువ తినలేదు. అస్సాంలో గీత 1971 మార్చి 24. 2019 పౌరుల జాబితాలో పంతొమ్మిది లక్షల పైచిలుకు మంది పేర్లు కనబడలేదు. తెలంగాణలో 2014లో విద్యార్థుల ఫీజుల పథకానికి 1956 గీత అయింది. హైకోర్టు నిలదీశాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇప్పుడు కథల పుస్తకాల వంతు.

ఈ రచయిత్రి కుటుంబం సంగతి చూడండి. 1964లో బర్మాలో దుకాణాలు జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు. కూడబెట్టుకున్నది అక్కడే వదిలేసి జనం ఓడలెక్కారు. కాందిశీకులన్న సర్కారీ పేరుతో విశాఖలో దిగినవాళ్ళలో ఆమె తాత ఒకడు. అక్కడ ‘కలా’ అని వెక్కిరించారు. ఇక్కడ, తాతల ఊరి పక్కనే, ‘బర్మావోళ్ళు’ అన్నారు. కంచరపాలెం బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ మారలేదు. ఆమె రాసింది ఈ కథే, మన యాసలోనే. మన జిల్లాల నుంచి వలసపోయినవాళ్ళ కథను మనది కాదని తేల్చడానికి ఒక కమిటీ కావలసి వచ్చింది!

ఉత్తరాంధ్ర రచయితను కృష్ణా, గుంటూరుల నీడలో ఏళ్ళ తరబడి నిలబెట్టారని, అందుకే ప్రత్యేక పురస్కారం కావలసి వచ్చిందని నిర్వాహకులంటారు, నిజమే. అయితే ఆ నీడ వేసినవాళ్ళను వదిలేసి రంగం నుంచి వట్టి చేతులతో వచ్చినవాడి కూతురి మీద పడడమేమిటి? మొన్నటిదాకా మన యాసను వెక్కిరిస్తున్నారని మొత్తుకున్న నోళ్ళే ఇవాళ పుట్టుక పత్రాలు అడుగుతున్నాయి.

ఇంకొక్కటి అడుగుతాం. ఈ ఏడు కూడా శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ రేవుకు పోయారు. అక్కడి బోట్ల మీద నెలల తరబడి ఉంటారు. కొందరు ఆలుబిడ్డల్ని కూడా తీసుకుపోతారు. అక్కడ పుట్టిన పిల్ల తిరిగొచ్చి, పెళ్ళాడి, ఆమె కొడుకు రేపు ఈ ఊళ్ళోనే కూర్చుని కథలు రాస్తే ఆ కమిటీ వాటిని ఏం చేస్తుంది? సమాధానం రాసి పంపితే వచ్చే సంచికలో యథాతథంగా అచ్చువేస్తాం. ఆ నిబంధన తీసేసేదాకా మా పత్రిక నుంచి ఆ పురస్కారానికి పుస్తకాలు వెళ్ళవు.