గడియారము ముందు నవలాకారుడు

రచయితల విచిత్రపు టలవాట్లను గూర్చిన కథలు పలువురికి వారి రచనలకంటె ప్రియములు. ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ కాఫీ మీద కాఫీ త్రాగుచు రాత్రులెల్ల వ్రాసెనని విన్న విద్యార్థికి కాఫీ జ్ఞాపకముండును, రాత్రులు జ్ఞాపకముండవు. అలవాట్లలో పొట్టు ఏది, గింజ ఏది యని తేల్చుకొనుటకు ఆంగ్ల నవలాకారుడు ఆంతోనీ ట్రోలప్ (1815-1882) జీవితము చక్కని నిదర్శనము.

ట్రోలప్ తపాలాశాఖ యుద్యోగి. 1834లో గుమాస్తాగా చేరి 1867 వరకు ఆ కొలువులోనే యుండెను. 1852లో ఆయన సూచనపైననే ఛానెల్ దీవుల వీథులలో తొలి తపాలా పెట్టెలు వెలసినవి. ఆయన వ్రాసిన 47 నవలలలో పెక్కు ఈ యుద్యోగము నడుమ వ్రాసినవే.

తెల్లవారుజామున 5.30 గంటలకు ఆయన బల్లయొద్ద కూర్చుండి తీరవలెను. ఈ నియమము తప్పకుండుటకై యొక వృద్ధసేవకునకు ఏటికి 5 పౌనులు అధికముగ నిచ్చి, కాఫీతో తన్ను లేపు పని యప్పగించెను. తన విజయమునకు అందరికంటె ఆ సేవకునకే యెక్కువ ఋణపడితినని తరువాత వ్రాసికొనెను. మొదటి అర్ధగంట ముందునాటి వ్రాతను చదువుకొనుట. పిదప గడియారము నెదుట నుంచుకొని పావుగంటకు 250 మాటలు వ్రాయుట. ఏనాడెన్ని పుటలైనవో లెక్కపుస్తకములో నెక్కవలెను. రైలు ప్రయాణములలో మోకాళ్లపై చిన్న పలక నుంచుకొని పెన్సిలుతో వ్రాసెడివాడు. భార్య దానికి శుభ్రప్రతి తీసెడిది. 1857లో వెలువడిన ‘బార్‌చెస్టర్ టవర్స్’ చాలవరకు అట్లు పుట్టినదే. సముద్రయానమున కడుపు త్రిప్పినపుడు సైతము లేచి పోయి, మరల వచ్చి కలము పట్టెను.

ఈ సంగతులన్నియు దాచక తెల్పిన స్వీయచరిత్ర ఆయన మరణానంతరము 1883లో ప్రకటింపబడినది. చదివినవారిలో పలువురు మొగము చిట్లించిరి. గడియారము చూచి వ్రాసినది కళ యెట్లగునని వారి యాక్షేపణ. నవలాకారుని చెప్పులు కుట్టువానితో పోల్చుకొనుటకు వెనుదీయని ఆ రచయిత కీర్తి చాలకాలము మసకబారినది.

ఆక్షేపించినవారు రెండు విషయములు గమనింపలేదు. మొదటిది, ఆ నియమము సరదాకొరకు పెట్టుకొన్నది కాదు. తల్లి ఫ్రాన్సెస్ ట్రోలప్ ఏబది యేండ్లు దాటిన పిమ్మట, 1832లో, తొలి గ్రంథము ప్రకటించెను. భర్త అప్పులపాలై 1834లో కుటుంబము బెల్జియమునకు తరలిపోగా, అచట మరణోన్ముఖులైన భర్తకు, కుమారునకు పరిచర్య చేయుచు, ఆ నడుమ దొరకిన గడియలలో వ్రాసి యామె యిల్లు నడపెను. మనసు కుదిరినపుడే వ్రాయుదునన్నచో ఆ యింట పొయ్యి వెలిగెడిది కాదు. ఇది కుమారుడు కన్నులార చూచినది.

రెండవది, మాటలు లెక్కించినవాడు మనుష్యులను లెక్కింపలేదు. పేదరికముచేత పాఠశాలలో తోటి బాలురచే వెలివేయబడి, ఆ బాలుడు ఒంటరిగా నెలలతరబడి మనసులో ఒకే కథ నల్లుకొనెడివాడు. అసంభవమైనదేదియు అందు చేర్చరాదని అప్పుడే నియమము పెట్టుకొనెను. గడియారమునకు చాలముందే కల్పన యున్నది. ఒకనాడు క్లబ్బులో ఇద్దరు మతగురువులు ఆయన నవలలలో మాటిమాటికి కనిపించు బిషప్పుగారి భార్య ప్రౌడీని తెగడుచుండగా వినెను. ఇంటికి పోయి ఆ వారములోనే ఆమెను చంపుదునని వారికి మాట యిచ్చి, 1867 నాటి నవలలో ఆ మాట చెల్లించెను. కాని పిదప ఆయనకు మనశ్శాంతి లేదు. ఆమె ప్రేతముతో తానింకను సహవాసము చేయుచున్నానని వ్రాసికొనెను. కేవలము పుటల లెక్కగాడు ఒక పాత్రకొరకు ఇట్లు వగచునా? గడియారము ఆ కల్పనకు తల్లి కాదు, కావలి మాత్రమే.

కావలి చేయలేనిదియు కలదు. ఆ 47 నవలలును సమానములు కావు. కొన్నిట పుటలు నిండినవి గాని ప్రాణము నిండలేదు. విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ 29 దినములలో ఆశువుగ చెప్పి వ్రాయించిరని ప్రసిద్ధి గదా, అచట గడియార మెక్కడిదని యడుగవచ్చును. నిజమే. కాని 29 దినములు ఎడతెగక కూర్చుండుట మాత్రము అచటను ఉన్నది. పద్ధతులు వేరు, పీట విడువకుండుట ఒక్కటే.

ఉపాధ్యాయులలో కథలు వ్రాయగలవారు కలరు. బడి, దిద్దుబాట్లు, సంసారము వీని నడుమ తీరిక దొరకుట లేదని, సెలవులలో వ్రాయుదమని, ఆ సెలవులు మరుసటి సెలవులకు జరుపుచుందురు. తీరిక యనునది వచ్చి తలుపు తట్టునది కాదని ఈ తపాలా యుద్యోగి చెప్పుచున్నాడు. పావుగంటకు 250 మాటలు అందరికి చెల్లునది కాదు. దినమునకు పది పంక్తులైనను చాలును. విద్యార్థులు ఆయననుండి నేర్వదగినది గడియారమునకు ముందున్న ఆ అర్ధగంట. నిన్నటి వ్రాతను నేడు చదివి, తప్పు కనుగొని, అచటినుండి ముందుకు సాగుట. వ్యాసము వ్రాసి మడచి గురువుల చేతిలో పెట్టుటకు ముందు ఒక రాత్రి దానిని నిద్రింపనిచ్చి మరునాడు చదివిన బాలుడు, ఎవ్వరి కాఫీ కథయు వినకయే, రచన రహస్యములో సగము తెలిసికొనును.