ఉష్ణమును ఔషధమును

చదువరులారా! నిప్పుతో బ్రతుకు ముడివడిన సీమ మనది. గోదావరిఖనిలో త్రవ్విన బొగ్గు రామగుండమున మండి, నీటిని ఆవిరిచేసి, ఊరూర దీపములు వెలిగించుచున్నది. అదే నిప్పు కట్టుదప్పినచో గనియు మిగులదు, ఇల్లును మిగులదు. కావున వేడిమి మేలు చేయుటయు కీడు చేయుటయు దానిని హద్దులో నుంచువాని నేర్పుపై నాధారపడి యున్నది. ఈ సత్యమును వైద్యశాస్త్రము రాచపుండు, అనగా క్యాన్సరు, చికిత్సయందు ఎట్లు పరీక్షించుచున్నదో, దానివలన మనము నేర్వవలసినదేమో యిచట విన్నవింతును.

క్యాన్సరు మందులలో పెక్కింటికి ఒక దోషము గలదు. అవి రోగకణములతోబాటు మంచి కణములను గూడ బాధించును. డాక్సోరూబిసిన్ అను మందు కణితిని క్రుంగదీయునదే గాని, మోతాదు మించినచో గుండెను బలహీనపరచును. అట్టి మందును దేహమంతటను చల్లక కణితియొద్దనే దింపుట యెట్లు?

1978లో అమెరికాలో మిల్టన్ యాట్విన్ మొదలగువారు ఒక యుపాయమును ప్రకటించిరి. మందును మిగుల సూక్ష్మములగు కొవ్వుసంచులలో నింపి రక్తములోనికి ఎక్కింతురు. వీనికి లైపోసోములని పేరు. పేరిన నెయ్యి పొయ్యి సెగ తగులగనే కరగునట్లు, ఈ సంచుల పొర సహజ దేహోష్ణమగు 37 డిగ్రీలయొద్ద గట్టిగా నుండి, 40 మొదలు 42 డిగ్రీల వేడి తగిలినంతనే సడలి మందును విడుచును. కణితిని మాత్రమే వేడిచేసినచో మందు అచ్చటనే హెచ్చుగా దిగును. 2018లో ఆక్స్‌ఫర్డు వైద్యులు కాలేయమున కణితులు గల 10 మందికి, దేహము వెలుపలనుండి ధ్వనితరంగములను కేంద్రీకరించి యీ పని చేయగా, కణితిలో చేరిన మందు సగటున 3.7 రెట్లు పెరిగెను.

అయినను తొందరపడరాదు. మందు చేరుట వేరు, రోగి బ్రతుకుట వేరు. కాలేయ క్యాన్సరు గల 701 మందికి ఇట్టి మందునే, కణితిని విద్యుత్తరంగములతో కాల్చు చికిత్సకు జోడించి జరిపిన పరీక్ష, తలచిన ఫలము నీయలేదని 2013లో తేలెను. ఓటమిని దాచక చెప్పుటయే శాస్త్రమునకు గౌరవము. నమ్మకము కొలతను అనుసరించవలెనే గాని, కొలత నమ్మకమును అనుసరించరాదు.

గడ్డ కనబడినంతనే వాతలు పెట్టించువారును, కాపడముతో మాసములు గడపువారును మనలో నేటికిని గలరు. వేడిమితో క్యాన్సరుకు చికిత్స యని విని వారు తమ పని సరియే యనుకొనరాదు. కాల్చిన యినుమునకు డిగ్రీల లెక్క లేదు. లోపలి కణితి దానికి కనబడదు. చర్మము కాలును, కాలము పోవును, రోగము ముదురును. నొప్పిలేని గడ్డ, మానని పుండు, ఆగని దగ్గు, అకారణ రక్తస్రావము కనబడినచో వెంటనే వైద్యునొద్దకు పోవలెను. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రియు గలదు.

ఇట్టి శాస్త్రము పరదేశీయులకే గాని మనకేల యనువారికి ఒక్క యుదాహరణము చాలును. గోదావరి డెల్టాలోని భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినాప్టెరిన్ అను మందును వెలువరించిన పరిశోధకులకు నాయకుడు. సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సరు గల పిల్లలకిచ్చి, కొందరికి కొంతకాలమైన రోగము తగ్గినదని 1948లో ప్రకటించెను. దానికి తోబుట్టువగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

విద్యార్థులారా! ఉష్ణమాపకమును చదువుట, ఫలమును ఉన్నదున్నట్లు వ్రాయుట మీ ప్రయోగశాలలో నేర్చు చిన్న పనులు. ఇంత గొప్ప చికిత్సయు వానిపైననే నిలిచియున్నది. తల్లిదండ్రులారా! దేవుడిచ్చిన బుద్ధిని వాడుట విశ్వాసమునకు విరోధము గాదు. బిడ్డలను బడికి పంపినట్లే, రోగిని జాగుచేయక ఆసుపత్రికి పంపుడు.